పేగు అడ్డంకికి లాప్రోస్కోపీ: చోటూ, వేళా

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి చిన్నపేగులోకి రోజుకు 8 నుంచి 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో తిన్నదీ తాగినదీ కలిపి సుమారు రెండు లీటర్లు. తక్కినదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు గోడలు స్వయంగా ఊర్చే రసం. ఈ ద్రవంలో చాలా భాగాన్ని చిన్నపేగే తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది, ఒకటి ఒకటిన్నర లీటరు మాత్రం పెద్దపేగుకు చేరుతుంది, చివరకు మలంతో పాటు బయటికి పోయే నీరు వంద, రెండు వందల మిల్లీలీటర్లకు మించదు. ఇంత ప్రవాహానికి నడుమ ఎక్కడైనా దారి మూసుకుపోతే, ఆ చోటికి పైనున్న పేగు ద్రవంతోనూ మింగిన గాలితోనూ నిండి ఉబ్బుతుంది. ఉబ్బిన గోడ పీల్చుకునే శక్తిని పోగొట్టుకుని, తానే మరింత ద్రవాన్ని లోపలికి వదులుతుంది. ఒంట్లోని నీరూ లవణాలూ కొంత పేగులో చిక్కుకుపోయి, కొంత వాంతుల రూపంలో పోయి, నాలుక పిడచకట్టి, మూత్రం తగ్గి, రోగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రమాదస్థితికి చేరుకుంటాడు. పేగు అడ్డంకి, లేదా వైద్య పరిభాషలో ఆంత్ర అవరోధం, అనే జబ్బు ఇదే.

దీని లక్షణాలు నాలుగు: అలలు అలలుగా వచ్చి తగ్గే కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, మలంతో పాటు గాలి కూడా బయటికి పోకపోవడం. అడ్డంకి పైభాగంలో ఉంటే వాంతులు ముందుగా, ఉబ్బరం తక్కువగా ఉంటాయి. కిందిభాగంలో ఉంటే ఉబ్బరం ముందు వచ్చి, వాంతులు ఆలస్యంగా మొదలై, కొంతకాలానికి మలవాసన వేస్తాయి. అలలుగా వస్తున్న నొప్పి ఎడతెగకుండా నిలిచిపోయి, జ్వరం వచ్చి, నాడి వేగం పెరిగి, పొట్టను తాకనివ్వని స్థితి వస్తే సంగతి మారిందని అర్థం. పేగు మెలిపడినా, ఏదైనా సందులో రెండు చివరలా బిగుసుకున్నా, ఆ చుట్టకు రక్తం తెచ్చే నాళాలు కూడా నలిగిపోతాయి. ముందు రక్తం వెనక్కి పోలేక గోడ వాస్తుంది, తరువాత లోనికి రావడమే ఆగి పేగు నల్లబడి కుళ్ళుతుంది. దీనికి పట్టే వ్యవధి గంటల్లోనే ఉంటుంది. అందువల్ల ఈ జబ్బులో వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న దారి ఎక్కడ మూసుకుందని కాదు, పేగుకు రక్తం అందుతున్నదా లేదా అని.

పెద్దవారిలో చిన్నపేగు అడ్డంకికి కారణాలు అనేకమైనా, కడుపు ఆపరేషన్లు విరివిగా జరిగే దేశాలన్నిటిలోనూ అగ్రస్థానం అతుకులది. కడుపు లోపలి గోడనూ, అవయవాలనూ పెరిటోనియం అనే పలుచని నున్నటి పొర కప్పి ఉంచుతుంది; పేగులు ఒకదానిమీద ఒకటి జారుతూ కదలగలగడం ఆ నునుపు వల్లనే. కత్తి తగిలినా, గుడ్డతో గట్టిగా తుడిచినా, గాలికి ఆరిపోయినా, రక్తం పేరుకున్నా, చీము పట్టినా ఆ పొర గాయపడుతుంది. గాయం మీద కొన్ని గంటల్లోనే ఫైబ్రిన్ అనే జిగట ప్రోటీను పేరుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే శరీరంలోని ఎంజైములు దానిని కొద్ది రోజుల్లో కరిగించివేస్తాయి, వారం తిరిగేసరికి కొత్త పొర వస్తుంది. కాని గాయపడిన చోట రక్తప్రసారం చాలకపోతే ఆ కరిగించే పని మందగిస్తుంది. కరగని ఫైబ్రిన్‌లోకి కణాలు వలస వచ్చి కొల్లాజెన్ అల్లుతాయి, రక్తనాళాలు కూడా మొలుస్తాయి, తాత్కాలికంగా ఉండవలసిన జిగురు శాశ్వతమైన పట్టీగా, అంటే అతుకుగా, మారుతుంది. ఆ పట్టీ పేగుకూ పేగుకూ మధ్య, పేగుకూ పాత కుట్టుకూ మధ్య అడ్డంగా నిలిచి, ఎప్పుడో ఒకనాడు దాని కింద ఒక పేగు చుట్ట దూరి చిక్కుకుంటుంది. ఆ రోజు ఆపరేషన్ అయిన నెలలోనే రావచ్చు, ఇరవై ఏళ్ల తరువాతా రావచ్చు.

ఈ సమస్య ఎంత పెద్దదో చెప్పే లెక్కలు ఉన్నాయి. అంతకుముందు కడుపు ఆపరేషన్ అయి మళ్ళీ ఆపరేషన్‌కు వచ్చిన 210 మందిని పరిశీలించి, వారిలో 93 శాతం మందికి అతుకులు ఉన్నాయని 1990లో లండన్ వైద్యులు ప్రచురించారు. 1986లో పొట్టకోసి చేసిన ఆపరేషన్లు జరిగిన 29,790 మందిని పదేళ్లపాటు అనుసరించిన స్కాట్లాండ్ అధ్యయనంలో, మూడోవంతు మంది అతుకులకు సంబంధించిన, లేదా సంబంధం ఉండదగిన కారణాలతో సగటున రెండుసార్లు తిరిగి ఆసుపత్రిలో చేరారు. చిక్కంతా ఇక్కడే ఉంది: పొట్ట కోయడం వల్ల పుట్టిన అతుకులను విడదీయడానికి మళ్ళీ పొట్టనే కోస్తే, ఆ కోత కొత్త అతుకులకు విత్తనం వేస్తుంది. ఒక్కొక్క ఆపరేషన్‌తో తరువాతి ఆపరేషన్ మరింత కష్టమవుతుంది. లాప్రోస్కోపీ, అంటే అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు కోతల గుండా కెమెరానూ పనిముట్లనూ పంపి చేసే శస్త్రచికిత్స, ఈ జబ్బులో ఆశ రేపడానికి మూలకారణం ఈ చక్రాన్ని తెంచగలదన్న ఆలోచనే తప్ప, మచ్చ చిన్నదిగా కనబడుతుందన్న సౌందర్యదృష్టి కాదు.

అయితే అడ్డంకి ఉన్న ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. 1930ల ఆరంభంలో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయ సర్జన్ ఓవెన్ వాంగెన్‌స్టీన్ ముక్కు గుండా జీర్ణకోశంలోకి గొట్టం వేసి, లోపలి ద్రవాన్నీ గాలినీ ఎడతెగకుండా లాగివేస్తే ఎందరో కోలుకుంటారని చూపాడు. మన ఆసుపత్రుల్లో రైల్స్ ట్యూబ్ అని పిలిచే గొట్టంతో నేటికీ చేస్తున్నది అదే. నోటితో ఏమీ ఇవ్వకుండా, సెలైన్ ఎక్కించి, పొటాషియం వంటి లవణాలను సరిదిద్ది, గొట్టంతో ఒత్తిడి తగ్గిస్తే అతుకుల వల్ల వచ్చిన అడ్డంకుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు వాటంతట అవే విడిపోతాయి. ఎవరికి విడిపోతుందో ముందే తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది: పొట్ట ఖాళీ అయ్యాక, నీటిలో కరిగే అయోడిన్ కాంట్రాస్ట్ మందును వంద మిల్లీలీటర్ల మేర గొట్టం గుండా వదిలి, కొన్ని గంటల తరువాత ఎక్స్-రే తీస్తారు. 24 గంటల లోపు ఆ తెల్లని నీడ పెద్దపేగులో కనబడితే ఆపరేషన్ అక్కరలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ మందు చాలా గాఢమైనది కాబట్టి వాచిన పేగు గోడలోని నీటిని లోపలికి లాగి వాపును కూడా కొంత తగ్గిస్తుందని భావిస్తారు. ప్రపంచ అత్యవసర శస్త్రవైద్య సంఘం సూచనల ప్రకారం, ప్రమాద సూచనలు లేని రోగి విషయంలో 72 గంటల వరకు ఇలా వేచి చూడడం క్షేమం. కాని సిటి స్కాన్‌లో పేగు గోడకు రక్తం అందడం తగ్గినట్టు కనబడినా, పేగును పట్టి ఉంచే మెసెంటరీ పొర సుడి తిరిగినట్టు ఉన్నా, పొట్టంతా గట్టిపడినా గడియారం చూడవలసిన పని లేదు. రోగిని వెంటనే ఆపరేషన్ బల్ల మీదికి చేర్చాలి.

ఇంతటి అత్యవసర స్థితిలోకి లాప్రోస్కోపీ ఆలస్యంగానే అడుగుపెట్టింది. 1901లో జర్మనీలో గేయార్గ్ కెల్లింగ్ ఒక కుక్క పొట్టను గాలితో నింపి లోపలి భాగాలను చూపించాడు. 1910లో స్టాక్‌హోం వైద్యుడు జాకోబియస్ మనుషుల్లో ఆ పని చేశాడు. కీల్ నగరంలో కుర్ట్ సెమ్ 1980లో అపెండిక్స్‌నూ, బోబ్లింగెన్‌లో ఎరిష్ మూహె 1985లో పిత్తాశయాన్నీ ఈ పద్ధతిలో తీశారు. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా లాప్రోస్కోపీతో పిత్తాశయాన్ని తొలగించారు. పేగు అడ్డంకిని ఈ పద్ధతిలో విడదీసిన తొలి అనుభవాలు 1990ల మొదట్లోనే అచ్చయినా, చాలాకాలం వరకు ఉబ్బిన పొట్టలోకి లాప్రోస్కోపుతో వెళ్ళకూడదన్నది పాఠ్యపుస్తకాల మాట.

ఆ నిషేధం భయం వల్ల పుట్టినది కాదు, చోటు లేకపోవడం వల్ల పుట్టినది. లాప్రోస్కోపీలో పనిచేసే స్థలం సహజంగా ఉండదు. కార్బన్ డయాక్సైడ్ వాయువును సుమారు 12 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపి పొట్టగోడను పైకి లేపి, ఆ గుడారం కింద పనిచేస్తారు. ఈ వాయువునే ఎంచుకోవడానికి కారణం అది మండదు, రక్తంలో తేలికగా కరిగి ఊపిరితో పాటు బయటికి పోతుంది. మామూలు పొట్టలో పేగులు ఆ పీడనానికి ఒదిగి పక్కకు పోతాయి. అడ్డంకి ఉన్న పొట్టలో మూడు సెంటీమీటర్లలోపు ఉండవలసిన చిన్నపేగు నాలుగు, అయిదు సెంటీమీటర్లు ఉబ్బి ఆ గుడారాన్నంతా తానే ఆక్రమిస్తుంది, పైగా దాని గోడ పలచబడి, వాచి, చిన్న తాకిడికే చిరిగే స్థితిలో ఉంటుంది. అదీగాక నీరు కోల్పోయిన రోగి పొట్టలో పీడనం పెంచితే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది, డయాఫ్రం పైకి నెట్టుకుపోయి ఊపిరి కష్టమవుతుంది. కాబట్టి సెలైన్‌తో రోగిని ముందు కూడదీసుకోనివ్వడం, మత్తు ఇచ్చేటప్పుడు పొట్టలోని ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టంతో ఖాళీ చేసి, శ్వాసనాళంలో ట్యూబును చకచకా వేయడం ఈ ఆపరేషన్‌కు పునాది వంటివి. ఇక్కడ మత్తు వైద్యుని నేర్పు సర్జన్ నేర్పుకు తీసిపోదు.

అన్నిటికన్నా అపాయకరమైన క్షణం పొట్టలోకి తొలిసారి ప్రవేశించే క్షణం. పాత కుట్టు కిందనే పేగు అతుక్కుని ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి సర్జన్ దాని జోలికి పోకుండా, దానికి దూరంగా, తరచుగా ఎడమ పక్కటెముకల అంచుకు కాస్త కిందుగా చోటు ఎంచుకుంటాడు. అక్కడ చర్మాన్ని ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు కోసి, కొవ్వునూ కండరాన్నీ పొర తరువాత పొరగా విడదీసి, పెరిటోనియాన్ని కంటితో చూస్తూ తెరిచి, వేలితో లోపల తడిమి ఖాళీ ఉందని నిర్ధారించుకున్నాకే మొద్దు మొనగల గొట్టాన్ని దించుతాడు. చూడకుండా సూది గుచ్చి వాయువు నింపే పద్ధతి మామూలు పొట్టలో చెల్లినా ఇక్కడ చాలామంది సర్జన్లు దానిని వాడరు. కెమెరా లోనికి వెళ్ళాక, కనిపిస్తున్న ఖాళీలో మరో రెండు సన్నని గొట్టాలు దింపి, బల్లను తలవైపుకో కాళ్ళవైపుకో, ఎడమకో కుడికో వంచుతారు. ఉబ్బిన పేగులు తమ బరువుతో పక్కకు జారి కొంత చోటు ఇస్తాయి.

తరువాత అడ్డంకి ఎక్కడుందో వెతకాలి. కొత్తగా నేర్చుకునేవారి చెయ్యి సహజంగా ఉబ్బిన పేగు మీదికే పోతుంది, అనుభవజ్ఞుడు దానిని ముట్టుకోడు. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోటు కుడివైపు కింద ఉంటుంది. అడ్డంకికి దిగువన కావడంతో అక్కడి పేగు ఖాళీగా, మెత్తగా, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. ఆ చివర మొదలుపెట్టి, పళ్ళులేని మెత్తని పట్టుకారులు రెండింటితో, బావిలోంచి చేదతాడును చేయి మీద చేయి వేస్తూ పైకి లాగినట్టు, పేగును పది సెంటీమీటర్ల చొప్పున పైవైపుకు చూసుకుంటూ పోతారు. వీలైనంత వరకు పేగును గాక దానిని అంటిపెట్టుకున్న మెసెంటరీనే పట్టుకుంటారు. వెళ్ళగా వెళ్ళగా ఒకచోట ఖాళీ పేగు ఆగిపోయి, దానికి అవతల ఉబ్బిన పేగు మొదలవుతుంది. ఆ మలుపు దగ్గర ఒక తెల్లని పట్టీ బిగుసుకుని కనిపిస్తుంది. కొన్నిసార్లు అది దారమంత సన్నగా ఉండి, కత్తెరతో ఒక్కసారి కత్తిరిస్తే తెగిపోతుంది, చిక్కుకున్న చుట్ట విడుదలై ద్రవం దిగువకు జారడం తెరమీదే కనబడుతుంది. ప్రాణం మీదికి తెచ్చిన కారణం ఇంత చిన్నదా అనిపించే సందర్భం ఇది. చిన్న కోతల పద్ధతి పూర్తిగా సార్థకమయ్యేది కూడా ఇక్కడే. కత్తిరించడానికి విద్యుత్ వేడి కంటే చల్లని కత్తెరే మేలు, ఎందుకంటే వేడి పక్కనున్న పేగు గోడకు పాకితే అప్పటికి ఏమీ తెలియకుండా, కొన్ని రోజుల తరువాత అక్కడ రంధ్రం పడుతుంది.

పట్టీ తెగాక పని అయిపోదు. బిగుసుకున్న చుట్ట నల్లగానో ఊదాగానో ఉంటుంది. దానికి ప్రాణం ఉందా లేదా అన్నది తేల్చాలి. కొన్ని నిమిషాలు ఆగి చూస్తే రంగు గులాబీకి తిరగడం, పేగు కదలడం, మెసెంటరీలో నాడి కొట్టుకోవడం మంచి సూచనలు. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును సిరలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో చూస్తే రక్తం అందుతున్న భాగం మెరుస్తుంది, అందని భాగం చీకటిగా మిగులుతుంది. చచ్చిన భాగాన్ని తొలగించవలసి వస్తే, బొడ్డు దగ్గరి కోతను అయిదారు సెంటీమీటర్లకు పెంచి, ఆ భాగాన్ని బయటికి తెచ్చి కోసి, చివరలు కలిపి లోపలికి పంపడం మధ్యేమార్గం.

ఈ పద్ధతి ఎవరికి తగినది? ఇదే మొదటిసారి వచ్చిన అడ్డంకి అయి, పూర్వం ఒకటి రెండు ఆపరేషన్లకు మించి జరగక, ముఖ్యంగా అవి అపెండిక్స్ వంటి చిన్నవై, పేగు నాలుగు సెంటీమీటర్లకు మించి ఉబ్బక, ఒకే పట్టీ ఉందని సిటి స్కాన్ సూచిస్తూ, బీపీ నిలకడగా ఉన్నప్పుడు ఫలితం బాగుంటుంది. పలుమార్లు పొట్ట కోయించుకున్నవారికి, రేడియేషన్ తీసుకున్నవారికి, పేగు చిల్లుపడి పొట్టంతా చీము పట్టినవారికి పాత పద్ధతిలో నిలువు కోతే సురక్షితం. ఇక వేళ సంగతి: 72 గంటలు వేచి చూసే వైద్యం సమంజసమే గాని, ఆ గంటల్లో పేగు ఉబ్బుతూ పోతే లాప్రోస్కోపీకి కావలసిన చోటు కూడా తరిగిపోతుంది. ఆపరేషన్ తప్పదని స్కాన్ మొదటి రోజే చెబుతున్న రోగిని మూడో రోజు దాకా ఆపితే, చిన్న కోతతో పోయేదానికి పెద్ద కోత పెట్టవలసి రావచ్చు.

2012లో ప్రచురితమైన ఒక సమీక్ష 29 అధ్యయనాల్లోని సుమారు రెండు వేల మంది అనుభవాన్ని క్రోడీకరించింది: 64 శాతం మందికి ఆపరేషన్ మొత్తం లాప్రోస్కోపీతోనే పూర్తయింది, 29 శాతం మందికి మధ్యలో నిలువు కోతకు మారవలసి వచ్చింది. దట్టమైన అతుకులూ, పేగు కోయవలసి రావడమూ అలా మారడానికి ముఖ్యకారణాలు. ఈ మార్పును వైఫల్యంగా లెక్కించడం సరికాదు. పేగుకు తెలియకుండా పడిన చిల్లు ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా ప్రాణాంతకమైనది; ముందుకు సాగడం క్షేమం కాదని గుర్తించి సకాలంలో పొట్ట తెరిచిన సర్జన్ రోగికి మేలే చేస్తాడు. రోగి బంధువులకు ఆపరేషన్‌కు ముందే ఈ సంగతి వివరంగా చెప్పడం, అంగీకార పత్రంలో రెండు పద్ధతులనూ రాయడం తప్పనిసరి.

రెండు పద్ధతులనూ చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా కేటాయించి పోల్చిన పరీక్ష 2019లో వెలువడింది. ఫిన్లాండ్, ఇటలీ దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో ఒకే పట్టీ ఉండదగిన రోగులనే ఎంచుకుని జరిపిన ఈ పరీక్షలో, 566 మందిని పరిశీలించగా 104 మందే అర్హులై చేరారు. లాప్రోస్కోపీ అయినవారు సగటున 4.2 రోజులకు, పొట్ట తెరిచినవారు 5.5 రోజులకు ఇంటికి వెళ్ళారు. నెలరోజుల్లో ఇబ్బందులు ఎదురైనవారు మొదటి వర్గంలో 31 శాతం, రెండో వర్గంలో 43 శాతం. ఒక రోజు పైచిలుకు తేడా అల్పంగా తోచవచ్చు. కాని అనుభవజ్ఞుల చేతుల్లో, ఎంచుకున్న రోగుల్లో కూడా తేడా ఇంతేనన్న నిజాన్ని దాచకుండా చెప్పడమే ఆ పరీక్ష విలువ. ఎంపిక లేకుండా అందరికీ ఇదే పద్ధతి అనడానికి అది ఆధారం ఇవ్వదు.

అతుకులు కాని కారణాలకు దారులు వేరు. గజ్జల్లోనో బొడ్డు దగ్గరో హెర్నియా సందులో పేగు ఇరుక్కుంటే లోపలినుంచి దానిని వెనక్కి లాగి, పేగు బాగుందో లేదో చూసి, కుళ్ళు లేకపోతే వల వేసి సందు మూయడం లాప్రోస్కోపీతో సాధ్యమే. అడ్డంకితో వచ్చిన ప్రతివారికీ గజ్జలను తడిమి చూడాలన్నది పాత వైద్యుల కట్టడి. లావుగా ఉన్నవారిలో తొడ మొదట్లోని చిన్న హెర్నియా స్కాన్ దాకా పోతే గాని బయటపడదు. మన దేశంలో పేగు క్షయ ఇంకా ముఖ్యకారణమే: చిన్నపేగు చివర గోడ దళసరెక్కి దారి సన్నబడుతుంది. లాప్రోస్కోపుతో లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి నిర్ధారించుకుంటే, పూర్తిగా మూసుకుపోని అడ్డంకులు ఎన్నో ఆరు నెలల క్షయ మందులతోనే విడిపోతాయి. పెద్దపేగులో అడ్డంకికి చాలావరకు క్యాన్సర్ కారణం. ఎడమవైపు గడ్డ అయితే మలద్వారం గుండా ఎండోస్కోపుతో, తనంతట తాను విచ్చుకునే లోహపు స్టెంటును అమర్చి దారి తెరిచి, పొట్ట వాపు తగ్గాక, రోగి కుదుటపడ్డాక లాప్రోస్కోపీతో గడ్డను తీసే వీలుంది. పెద్దపేగులోని సిగ్మాయిడ్ అనే భాగం మెలిపడితే, కుళ్ళు సూచనలు లేనప్పుడు, ఎండోస్కోపుతోనే మెలి విప్పుతారు. తిరిగి మెలిపడే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ భాగాన్ని తరువాత తొలగిస్తారు.

పూర్వం పొట్ట ఆపరేషన్ అయినవారు, సిజేరియన్ అయిన స్త్రీలతో సహా, అలలుగా వచ్చే నొప్పీ వాంతులూ మొదలై గాలి పోవడం ఆగితే ఆముదం గాని మరే విరేచన మందు గాని తీసుకోకూడదు. మూసుకున్న దారి మీద పేగు మరింత బలంగా కొట్టుకోవడం తప్ప దానివల్ల ప్రయోజనం లేదు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళి, పాత ఆపరేషన్ కాగితాలు చూపించడం మేలు, ఎందుకంటే ఏ కోత ఎక్కడ పెట్టారో, లోపల చీము ఉన్నదో లేదో తెలిస్తే సర్జన్ తన మొదటి గొట్టం ఎక్కడ దించాలో నిర్ణయించుకోగలడు.

స్కాట్లాండ్ పరిశోధన తరువాతి తరంలోనూ కొనసాగింది. 2009 నుంచి 2011 వరకు కడుపు ఆపరేషన్లు జరిగిన 72,270 మందిని అయిదేళ్లపాటు అనుసరించి 2020లో ప్రచురించిన ఫలితాల్లో, నేరుగా అతుకుల వల్లనే మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు పొట్ట తెరిచిన వర్గంలో 4.3 శాతం, లాప్రోస్కోపీ వర్గంలో 1.7 శాతం. ఆపరేషన్ల రకాల్లోనూ రోగుల్లోనూ ఉన్న భేదాలను సరిచేశాక కూడా లాప్రోస్కోపీతో ఆ ముప్పు మూడోవంతు మేర తక్కువగా తేలింది. అంటే ఈ జబ్బులో చిన్న కోతల వల్ల కలిగే పెద్ద ప్రయోజనం అడ్డంకి వచ్చిన రోజున కాక, దానికి ఎన్నో ఏళ్ల ముందు, అపెండిక్స్‌కో గర్భాశయానికో తొలి ఆపరేషన్ జరిగే రోజునే సమకూరుతున్నది.